గాలికి లెక్కుంది, గాల్లో మనిషికి లేదు

అనంతపురం వాళ్లకు లెక్కలు రావని ఎవరన్నా అంటే నమ్మకండి. వాన లెక్క తప్పుతుందేమో గానీ గాలి లెక్క తప్పదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వానతో, దేశంలో జైసల్మేర్ తర్వాత మనమేనని చెప్పుకునే ఈ గడ్డకు దేవుడు ధారాళంగా ఇచ్చింది ఒక్క గాలినే. ఆ సంగతి మొదట రైతుకు తెలిసింది. ఆషాఢం గాలికి వేరుసెనగ చేలల్లో ఎర్రమట్టి లేచి వాడి కళ్లల్లో పడేది. తర్వాత కంపెనీలకు తెలిసింది. వాళ్ల కళ్లల్లో మట్టి పడలేదు, డబ్బు పడింది.

రామగిరి గుట్టల మీద 1990లలోనే గాలిమరలు లేచాయి. ఆ తర్వాత ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప, కళ్యాణదుర్గం, రాయదుర్గం. ఇప్పుడు రాత్రిపూట ఆ దారిన బస్సులో పోతుంటే చుక్కలకంటే ముందు మరల నెత్తిన ఎర్రదీపాలు కనిపిస్తాయి. మరలు నిలబెట్టే ముందు గుట్ట మీద ఒక కొలత స్తంభం పాతుతారు. దానికి వేర్వేరు ఎత్తుల్లో గిరగిర తిరిగే గిన్నెల మీటర్లు, దిక్కు చెప్పే తోకలు. పది నిమిషాలకోసారి గాలి సగటు, ఆ పది నిమిషాల్లో వచ్చిన పెద్ద విసురు, దాని దిక్కు, అన్నీ ఏడాది పొడుగునా నమోదవుతాయి. ఆ కాగితం చూడనిదే బ్యాంకు అప్పివ్వదు. అంటే మన ఊరి గాలి కూడా జామీను పెట్టుకోదగ్గ ఆస్తి అయింది. మన ఊరి మనిషి ఇంకా కాలేదు.

ఆ గాలి ధర మీద రాష్ట్రంలో జరిగిన యుద్ధం గుర్తుందిగా? యూనిట్‌కు 4 రూపాయల 80 పైసల పైచిలుకు ఎందుకివ్వాలని 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాల మీద తిరగబడింది. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. వ్యవహారం తేలేదాకా 2 రూపాయల 43 పైసలు కట్టమని కోర్టు మధ్యంతరంగా చెప్పింది. జపాన్ రాయబారి ముఖ్యమంత్రికి ఉత్తరం రాశాడు. చివరికి 2022 మార్చిలో డివిజన్ బెంచి, ఒప్పందంలో ఉన్నది ఉన్నట్టు కట్టాల్సిందేనంది. రెండున్నరేళ్లకు పైగా పైసా పైసాకూ పెద్ద లాయర్లు గొంతులు చించుకున్నారు. తప్పని నేననను. గాలి విలువైన సరుకని రుజువైంది. నా పేచీ ఒక్కటే. అదే గాలి, అదే ఎత్తులో, కూలివాడి నెత్తిమీద వేలాడే ఇనుప కడ్డీల కట్టకు తగిలినప్పుడు దాని వేగమెంతో ఎవరూ కొలవరేం?

టవర్ క్రేన్ ఉన్నచోట గాలి కొలిచే సాధనం మేస్త్రీ భుజం మీది తువ్వాలు. తువ్వాలు కదిలితే పిల్లగాలి. ఎగిరితే గాలి. తువ్వాలుతో పాటు మేస్త్రీ కూడా ఎగిరితే, పని ఆపే సంగతి సాయంత్రం మాట్లాడుకుందామని సైట్ ఇంజినీరు అంటాడు. అలాగని క్రేన్‌కు గాలిమీటరు ఉండదని కాదు. ఉంటుంది. దాన్ని పైన, గాలికి అడ్డం లేనిచోట బిగించాలి. చాలాచోట్ల అది క్యాబిన్లో సీటు కింద, వచ్చిన అట్టపెట్టెలోనే భద్రంగా ఉంటుంది. బయటపెడితే గాలికి పాడైపోదూ?

నిజానికి గాలిమర, టవర్ క్రేన్ అన్నదమ్ములు. రెండూ ఆకాశంలోకి లేచిన ఉక్కు కంబాలు. రెండూ కాంక్రీటు దిమ్మలో పాతిన ఉక్కు మీద, బోల్టుల మీద నిలబడతాయి. రెండింటికీ మెడ దగ్గర పెద్ద బేరింగు; తల తిరిగేది దాని మీదే. రెండింటికీ శత్రువూ ఒకడే. పెంపకంలోనే తేడా వచ్చింది. అన్న పెద్దింటికి దత్తత పోయాడు, తమ్ముడు అద్దెకు పోయాడు.

అన్నను నిలబెట్టాక కొన్ని వందల గంటలు తిరిగేసరికి మనుషులొచ్చి బోల్టుల బిగింపు టార్క్ రెంచీతో మళ్లీ చూస్తారు. గేర్‌బాక్సు నూనె పరీక్షకు ల్యాబుకు పోతుంది. బేరింగు కాస్త వేడెక్కితే ఎక్కడో కంట్రోల్ రూములో ఎవడో ఉలిక్కిపడతాడు. గాలి సెకనుకు 25 మీటర్లు దాటిందంటే ఎవరినీ అడక్కుండా అన్న తనంతట తానే ఆగిపోతాడు. తమ్ముడు ఇంకా ముందే, సాధారణంగా సెకనుకు 20 మీటర్ల దగ్గరే, అంటే గంటకు 72 కిలోమీటర్ల గాలికే, ఆగాలని తయారీదార్లు పుస్తకంలో రాస్తారు. వెడల్పాటి షట్టరింగ్ పలకలు లేపుతుంటే అంతకంటే ముందే. కానీ తమ్ముడికి తనంతట తాను ఆగే హక్కు లేదు. ఈ రోజు స్లాబు ఉంది.

గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఈ లెక్క పెట్టుబడి పెట్టినవాడికి నిద్రలో లేపినా నోటికొస్తుంది. గాలి వేగం రెట్టింపైతే క్రేన్ మీద తోపుడు నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్క ఎవరికీ నోటికి రాదు. పైకి పోయేకొద్దీ గాలి పెరుగుతుందని తెలిసే కదా మరల ఎత్తు ఏటేటా పెంచుతున్నారు? అదే పాఠం క్రేన్ దగ్గరికొచ్చేసరికి, ‘కింద గాలే లేదు కదప్పా’ అయిపోతుంది.

మరలు నిలబెట్టే పెద్ద క్రేన్‌ల దగ్గర ఇంకో వింత. గాలి బాగా ఉందనే ఆ గుట్టను ఎంచుకుంటారు. గాలి బాగా ఉంటే రెక్క ఎత్తలేరు. అందుకని మీటరు చూసుకుంటూ, గాలి పడిపోయేదాకా, ఒక్కోసారి తెల్లవారుజాము దాకా కాచుకుంటారు. క్రేన్ అద్దె ఎక్కుతూనే ఉంటుంది, అయినా ఎవరూ గొణగరు. కొక్కేనికి వేలాడేది ఖరీదైన రెక్క. దానికి బీట పడితే కంపెనీ తట్టుకోలేదు. టవర్ క్రేన్ కింద ఉండేది మనిషి. మనిషి పాడైతే బదులు మనిషి అదే రోజు అడ్డా మీద దొరుకుతాడు గనక కాచుకోవాల్సిన పనిలేదు.

మన సైట్ల మీద తరతరాలుగా నడుస్తున్న క్రేన్ నిర్వహణ శాస్త్రాన్ని ఇంతవరకు ఎవరూ గ్రంథస్థం చేయలేదు. ఆ లోటు కొంతైనా తీరాలని ముఖ్య సూత్రాలు ఇక్కడ రాసిపెడుతున్నాను.

బోల్టు. క్రేన్ కంబం ముక్కలు ముక్కలుగా వస్తుంది. ముక్కకూ ముక్కకూ మధ్య బోల్టులో పిన్నులో ఉంటాయి. బరువు ఎత్తినప్పుడల్లా కంబానికి ఒక పక్క నొక్కుడు, ఇంకో పక్క లాగుడు. జిబ్, అంటే క్రేన్ చాచిన చెయ్యి, తిరిగినప్పుడల్లా ఆ పక్కలు మారిపోతాయి. అందుకే బిగింపు వదులవుతుంది, అందుకే టార్క్ రెంచీతో మళ్లీ మళ్లీ చూడాలి. మన పద్ధతి సులువు. సుత్తితో ఒక దెబ్బ. టంగుమంటే బాగుంది. టక్కుమంటే ఇంకో దెబ్బ. అప్పటికీ టక్కుమంటే పెయింటు.

రోప్. ఉక్కు తాడు చెప్పాపెట్టకుండా తెగదు. ముందు ఒక్కో పోగు తెగి ముల్లులా బయటికి పొడుచుకొస్తుంది. గుడ్డ పట్టి తాడు పొడవునా తుడిస్తే గుడ్డ చిక్కుకుంటుంది. లావు తగ్గుతుంది, తుప్పెక్కుతుంది, పురి విడిపోయి పంజరంలా ఉబ్బుతుంది. ఇంత పొడవులో ఇన్ని పోగులు తెగితే తాడు తీసి పారేయాలని లెక్కలున్నాయి. గుడ్డ పట్టి చూస్తే నిజం తెలిసిపోతుంది గనక మనవాళ్లు గుడ్డ పట్టరు, గ్రీజు పూస్తారు. గ్రీజు రెండు పనులు చేస్తుంది: తాడును కాపాడుతుంది, తెగిన పోగుల్ని దాస్తుంది. మనకు రెండో పని మీద గురి ఎక్కువ.

లిమిట్ స్విచ్. కొక్కెం పోయి పైన గుద్దుకోకుండా, కొక్కెం వేలాడే ట్రాలీ జిబ్ కొస దాటకుండా, మోయలేని బరువు లేపకుండా అడ్డుపడే స్విచ్చులుంటాయి. కంబం పక్కన అలవోకగా లేచే బరువే జిబ్ కొసకు పోతే క్రేన్‌ను పడదోయగలదు. ఆ దూరం, ఆ బరువు కలిపి చూసి క్రేన్‌ను ఆపేసే స్విచ్ అన్నిటికన్నా ముఖ్యమైనది. అందుకే దాన్ని ముందు కట్టేస్తారు. స్లాబు రోజున మొరాయించే యంత్రాన్ని ఎవరు భరిస్తారు? ఒక మూరెడు బైండింగ్ వైరు చాలు, స్విచ్ నోరు మూతపడుతుంది. కొక్కెం నాలుక విరిగితే బైండింగ్ వైరు. నిచ్చెన మెట్టు ఊడితే బైండింగ్ వైరు. క్యాబిన్ తలుపు పడకపోతే బైండింగ్ వైరు. ‘భద్రతే మా ప్రథమ ప్రాధాన్యం’ అని గేటు దగ్గర వేలాడే బోర్డును పట్టుకున్నదీ అదే.

బెల్టు. బరువును కొక్కేనికి కట్టే బెల్టుకు ఇనుప అంచు తగిలేచోట మెత్త పెట్టాలి. కోత పడిన బెల్టును ముక్కలు చేసి పారేయాలి, లేకపోతే పొద్దున్నే ఇంకెవడో వాడతాడు. మనం పారేయం, ముడేస్తాం. 2008 మార్చి 15న న్యూయార్క్‌లో ఒక టవర్ క్రేన్ ఎత్తు పెంచుతుండగా, పాతబడిన బెల్టుతో కట్టిన టన్నుల బరువు ఉక్కు చట్రం జారిపోయి, క్రేన్ కూలి 7 మంది పోయారు. బెల్టుకు అమెరికా, అనంతపురం తేడా తెలియదు.

దిగేవేళ. ఇది అన్నిటికన్నా సూక్ష్మమైన సూత్రం. పని ముగించి దిగేటప్పుడు జిబ్ తిరుగుడు బ్రేకు వదిలేయాలి. అప్పుడు గాలి ఎటు వీస్తే జిబ్ అటు తిరిగిపోతుంది, గాలికి ఎదురు నిలవదు. కింద నుంచి చూసేవాడికి గుండె గుభేలుమంటుంది గానీ రక్ష అదే. మనవాళ్లకు ఈ స్వేచ్ఛ నచ్చదు. జిబ్ పక్కింటి మిద్దె మీదికి పోతుందనో, రోడ్డు మీదికి పోతుందనో బ్రేకు బిగిస్తారు, లేదా తాడేసి కట్టేస్తారు. రాత్రి గాలివాన వస్తుంది. తిరగనివ్వని క్రేన్‌ను గాలి పడుకోబెడుతుంది. 2015 సెప్టెంబరు 11న మక్కాలో కూలింది టవర్ క్రేన్ కాదు, క్రాలర్ క్రేన్. పాఠం మాత్రం ఇదే. పని లేని వేళ పొడవాటి బూమ్ దించి ఉంచమని తయారీదారు పుస్తకంలో ఉంది. దించలేదు. గాలివాన వచ్చింది. మసీదులో 111 మంది పోయారు.

ఆపరేటర్. ఎండాకాలం 42 డిగ్రీల్లో ఇనుప పెట్టెలో కూర్చుని, మంచినీళ్ల సీసా ఒకటి, ఒంటికి పోసుకోవడానికి ఇంకో సీసా పెట్టుకుని, రెండూ తారుమారు కాకుండా చూసుకునేవాడు. వాడికి కింద ఏం జరుగుతోందో కనిపించదు. చెవిలో వాకీటాకీ చెప్పిందే వేదం. ఆ వాకీటాకీలో జరిగే శాస్త్రచర్చ ఇలా ఉంటుంది.

“సార్, పైన గాలి జాస్తిగుండాది. జిబ్బు ఊగతాంది.”

“కాంక్రీటు నాలుగు బకెట్లే కదప్పా. ఏసేయ్.”

“కట్టిన బెల్టు కూడా సరిగ లేదు సార్.”

“నువ్వు దిగితే ఇంకోడు ఎక్కుతాడు. ఏసేయప్పా.”

ఈ దేశంలో క్రేన్ ప్రమాదాల మీద ఎన్ని నివేదికలు రాసినా, అన్నిటికీ ‘నాలుగు బకెట్లే’ అని పేరు పెట్టొచ్చు.

పూజ సంగతి వేరే చెప్పక్కర్లేదు. దసరాకు గుమ్మడికాయ పగలని క్రేన్ లేదు. లాగ్‌బుక్‌లో నాలుగు నెలలుగా ఒక్క సంతకం లేకపోయినా కంబానికి కుంకుమ మాత్రం తాజాగా ఉంటుంది. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అనడం పాత పద్ధతి. ఇప్పుడు దీపం బదులు మనిషిని పెడుతున్నాం.

ఇక చట్టం. చట్టం చాలా చక్కగా ఉంది. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది, దాని కింద కేంద్ర నిబంధనలు 1998లో. ఎత్తే యంత్రాన్ని మొదటిసారి వాడేముందు, సైటు మీద నిలబెట్టాక, బలం తగ్గించే మార్పో మరమ్మతో జరిగాక, ఎలా చూసినా 5 ఏళ్లకోసారి పరీక్షించాలి. 12 నెలలకోసారి క్షుణ్ణంగా చూడాలి. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్ అమల్లోకి వచ్చి ఆ చట్టాన్ని తనలో కలిపేసుకుంది. పాతదైనా కొత్తదైనా యంత్రాన్ని చూడాల్సినవాడు సమర్థుడై ఉండాలి.

మన సమర్థుడి సామర్థ్యం ఏమిటంటే, ఎక్కకుండానే చూడగలడు. నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టడు, ప్యాంటుకు గ్రీజు అంటుతుంది. కారులో ఏసీ వేసుకుని అద్దంలోంచి ఒకసారి పైకి చూస్తాడు. కొందరికి ఆ శ్రమ కూడా లేదు. వాట్సాప్‌లో ఫోటో పంపితే సర్టిఫికెట్ వస్తుంది. ఇంకొందరికి ఫోటో కూడా అక్కర్లేదు, క్రేన్ నంబరు చాలు. పొద్దున ఒక ఊళ్లో, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో, సాయంత్రం మూడో ఊళ్లో క్రేన్‌లకు ఆరోగ్యపత్రం ఇచ్చి, రాత్రికి ఇంట్లో భోంచేస్తాడు. హనుమంతుడు సైతం సముద్రం దాటాల్సి వచ్చింది. ఈయన కుర్చీ కూడా దాటడు.

సంతకం ఉంటే చాలదా అనేవాళ్లు విశాఖ సంగతి గుర్తుచేసుకోవాలి. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో ఒక భారీ క్రేన్, రోజువారీ పనిలోకి రాకముందే, బరువు పరీక్షల దశలోనే కూలిపోయింది. 11 మంది పోయారు. నలుగురు షిప్‌యార్డు ఉద్యోగులు, ఏడుగురు కాంట్రాక్టు మనుషులు. యంత్రం తట్టుకుంటుందో లేదో తెలియకే కదా పరీక్ష పెట్టేది? తెలియనప్పుడు మనుషుల్ని దూరంగా ఉంచడం ఆ పరీక్షలో మొదటి ప్రశ్న. కుటుంబానికి 50 లక్షలు ప్రకటించారు, కమిటీలు వేశారు. నెల తిరగ్గానే, సెప్టెంబరు 5న, వ్యాపారానికి అనువైన రాష్ట్రాల జాబితా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు మొదటి స్థానం. రెంటికీ సంబంధం లేదంటారు. నిజమే, షిప్‌యార్డు కేంద్రానిది, ర్యాంకు రాష్ట్రానిది. తనిఖీల బెడద తగ్గించడం కూడా మార్కులు తెచ్చే పద్దుల్లో ఒకటైన ఆ పరీక్షలో మాత్రం ఎవరూ కింద పడలేదు.

2022 జులై చివర్లో పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పనుల్లో, కొల్లాపూర్ దగ్గర రేగుమానుగడ్డలో, క్రేన్ వైరు తెగి 5 మంది కూలీలు చనిపోయారు. మనలాంటిదే అదీ కరువు సీమ. కరువు నేలకు నీళ్లెత్తే పనిలో మనుషులు పడిపోయారు. నీళ్లు ఏ ఎత్తుకు లేస్తాయో మీటర్లలో ప్రతి నాయకుడూ ప్రసంగంలో చెప్పాడు. ఆ వైరును చివరిసారి ఎవరు, ఏ తేదీన చూశారో చెప్పిన ప్రసంగం ఒక్కటీ నేను వినలేదు.

మనమే ఇలా ఉన్నామని దిగులు పడక్కర్లేదు. కక్కుర్తి అంతర్జాతీయం. న్యూయార్క్‌లోనే 2008 మే 30న ఇంకో టవర్ క్రేన్ తల ఊడి పడి ఇద్దరు పోయారు. మెడ దగ్గరి బేరింగుకు బీట వస్తే, చవకలో పనవుతుందని చైనాలోని ఒక కంపెనీతో వెల్డింగ్ చేయించారు. ఆ వెల్డింగ్ మీద మాకే నమ్మకం లేదని ఆ కంపెనీ ముందే ఈమెయిల్ పెట్టిన సంగతి కోర్టులో బయటపడింది. క్రేన్ యజమాని 2012లో క్రిమినల్ కేసులో నిర్దోషిగా బయటికొచ్చాడు. 1999 జులై 14న మిల్వాకీలో స్టేడియం పైకప్పు ముక్క, 400 టన్నుల పైమాట, గాలిలో ఎత్తుతుంటే క్రేన్ కూలి ముగ్గురు పోయారు. క్రేన్ మీద గాలి లెక్క వేశారు గానీ, ఆ వెడల్పాటి ముక్కకు తగిలే గాలిని లెక్కలోకి తీసుకోలేదు. ఆ లెక్క ఏ గాలిమర కంపెనీ గుమాస్తాను అడిగినా వేసిపెట్టేవాడు.

‘ఉమ్మడి అనంతపురం జిల్లాలో టవర్ క్రేన్‌లెన్ని ఉన్నాయయ్యా, ఇంత గోల?’ అని అడుగుతారేమో. తక్కువే. 2017లో ఒప్పందమై 2019 ఆగస్టులో కారు బయటికి వచ్చిన పెనుకొండ కియాను పక్కన పెడితే, ఆకాశం వైపు చూసే పెట్టుబడి మనకు పెద్దగా రాలేదు. అయితేనేం? క్రేన్‌లు జిల్లాకు రాకపోతే జిల్లానే క్రేన్‌ల దగ్గరికి పోయింది. కదిరి, తలుపుల, నల్లమాడ, ముదిగుబ్బ వైపు ఊళ్లల్లో ఏ ఇంటి తలుపు తట్టినా, కొడుకో కోడలో బెంగళూరులో బేల్దారి పనికి పోయారనే చెబుతారు. ఇక్కడ వేరుసెనగ ఎండిన ఏడాది అక్కడ ఒక అంతస్తు లేస్తుంది. ఇటుకలు మోసేది, సెంట్రింగు కట్టేది, క్రేన్ కింద నిలబడి బకెట్ అందుకునేది మనవాళ్లు. గాలివానకు అరటితోట పడిపోతే ఎన్ని చెట్లు పడ్డాయో అధికారులు వచ్చి రాసుకుంటారు, నార్పలలో అయినా పుట్లూరులో అయినా. ఆ తోట రైతు కొడుకు బెంగళూరులో పడిపోతే ఏ జిల్లా లెక్కలో రాయాలో తేలడానికే నెల పడుతుంది.

వాళ్ల పేరుమీద నిర్మాణ ఖర్చులో నూటికి రూపాయి చొప్పున సెస్సు వసూలవుతుంది. దేశమంతా కలిపి వేల కోట్లు పోగయ్యాయి. ఆ డబ్బుతో ల్యాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్నారని 2017లో తెలిసి సుప్రీంకోర్టే నివ్వెరపోయింది. ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసలో పెట్టుకున్న ఊళ్ల నుంచి పోయినవాళ్లకు వాషింగ్ మెషీన్! ఒక టార్క్ రెంచీ కొనాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

క్రేన్ పడ్డాక జరిగే తంతు కూడా గ్రంథస్థం చేయాల్సిందే. క్రేన్ ఒకడిది, అద్దెకు తెచ్చింది ఇంకొకడు, నిలబెట్టింది మూడోవాడు, ఆపరేటర్‌ను పంపింది లేబర్ కాంట్రాక్టరు, కొక్కేనికి కట్టింది సబ్ కాంట్రాక్టరు మనిషి, భవనం బిల్డరుది, స్థలం వేరెవరిదో. తిలా పాపం తలా పిడికెడు. పిడికెడు పిడికెడే గనక ఎవరి చెయ్యీ బరువెక్కదు. నివేదికలో ‘మానవ తప్పిదం’ అని వస్తుంది. ఆ మానవుడు ఎప్పుడూ చచ్చిపోయినవాడే అయి ఉంటాడు. వాడి తరఫున వకీలు ఉండడు, వాడు వాకీటాకీలో ఏమన్నాడో చెప్పడానికి వాడూ ఉండడు.

అది కుదరకపోతే ‘అకస్మాత్తుగా వీచిన బలమైన గాలి’ అని వస్తుంది. ఇదిగో, ఈ మాట దగ్గరే అనంతపురంవాడిగా నాకు ఒళ్లు మండుతుంది. గాలి అకస్మాత్తా? ఏ నెలలో ఎంత వీస్తుందో, ఏ ఎత్తులో ఎంత పెరుగుతుందో, విసురు ఎంత దాకా పోతుందో ఏడాది ముందే కొలిచి, పాతికేళ్లకు ఒప్పందం రాసుకుని, దాని మీద కోట్లు అప్పిచ్చిన బ్యాంకులు పిచ్చివా? డబ్బు అడిగేటప్పుడు హైకోర్టులో నమ్మకస్తురాలైన గాలి, శవం లేచేటప్పుడు పోలీస్ స్టేషన్లో ఆగంతకురాలు ఎలా అయింది?

అసలు కారణం అందరికీ తెలుసు. క్రేన్ ఆగితే అద్దె ఆగదు. రెడీమిక్స్ లారీలు గేటు దగ్గర నిలబడితే కాంక్రీటు గట్టిపడిపోతుంది. ఆలస్యానికి బిల్డరు జరిమానా వేస్తాడు. కూలివాడికి ఆ పూట కూలి పోతుంది గనక వాడు కూడా ‘కానీలే’ అంటాడు. ఆపమనే ధైర్యానికి అయ్యే ఖర్చంతా, సైటు మీద అందరికన్నా బీదవాడి నెత్తిన పెట్టాం.

గాలిమరలవాళ్లు ఈ పొరపాటు చేయలేదు. గ్రిడ్ వద్దంటే మర ఆపాల్సి వచ్చినప్పుడు, మా కరెంటు వృథా అయిందని కోర్టుకు పోయారు. ఆగిన మరకు పరిహారం అడగడం న్యాయమైతే, ఆగిన కూలికి ఇవ్వడం ఎందుకు అన్యాయం? గాలికి క్రేన్ ఆగిన గంటలకు పూర్తి కూలి, క్రేన్ అద్దెలో మినహాయింపు, గడువులో పొడిగింపు అని టెండరు కాగితంలోనే రాయండి. గాలి లెక్క పది నిమిషాలకోసారి నమోదై గేటు దగ్గర బోర్డు మీద కనిపించాలనండి, కింద నిలబడ్డ ఆడమనిషి కూడా చదువుకునేలా తెలుగులో. గాలి హద్దు దాటితే మరలాగే క్రేన్ కూడా ఎవరినీ అడక్కుండా ఆగిపోవాలనండి. కట్టేసిన లిమిట్ స్విచ్ కనబడితే, కట్టినవాడిని కాదు, కట్టమన్నవాడిని పట్టుకోండి.

ఇవన్నీ కుదరవంటే, సర్టిఫికెట్ రాసే చోటు ఒక్కటి మార్చండి. సంతకం ఆఫీసులో చెల్లదు. ఆషాఢమాసంలో, మధ్యాహ్నం పూట, జిబ్ కొసన నిండు బరువు వేలాడుతుండగా, ఆపరేటర్ క్యాబిన్లో నిలబడి పెడితేనే చెల్లుతుంది. సాక్షి సంతకానికి క్రేన్ యజమాని, బిల్డరు, ‘నాలుగు బకెట్లే’ అన్న సైట్ ఇంజినీరు కూడా నిచ్చెన ఎక్కిరావాలి. కలం జేబులోంచి బయటికొచ్చేలోపే, సీటు కింది అట్టపెట్టెలోంచి గాలిమీటరు బయటికొస్తుంది.